చేలో మట్టి, సముద్రం అడుగున మట్టి



ఈనాటి ప్రసంగ విషయం సముద్రం. సముద్రపు నీటిలో తేలుతూ బ్రతికే సూక్ష్మమైన మొక్కలు, ఆ నీటిలో కలిసి ఉండే మట్టి రేణువులు, అడుగున పేరుకొనే మడ్డి. ఈ మూడింటినీ శాస్త్రజ్ఞులు ఎలా పరిశీలిస్తారు, ఆ పరిశీలనల వల్ల మనకేం తెలిసింది అన్నది చెప్పుకొందాం.

"ధర్మాబాదులో, బిలోలిలో, దెగ్లూరులో ఉండేవాళ్ళకు సముద్రంతో ఏం పని మాస్టారూ?" అని మీరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. మనలో చాలామంది సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూడలేదు. నేను కూడా ముప్పయ్యేళ్ళు దాటాకే చూశాను. కానీ ఈ ప్రశ్నకు జవాబు నాకు మా బడిపిల్లవాడొకడి వల్ల దొరికింది.

ఏటా జూలై 1న బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎత్తుతారు కదా. ఆ తరువాత వానలు ముమ్మరమైనప్పుడు మా ఏడో తరగతి పిల్లల్ని బాసర వంతెన దగ్గరకు తీసుకువెళ్ళాను. నది నిండుగా, చిక్కగా, కాఫీ రంగులో పారుతున్నది. ఒక పిల్లవాడు చాలాసేపు చూసి, "సర్, ఈ మట్టంతా ఎక్కడికి పోతుంది?" అన్నాడు. "సముద్రంలోకి" అన్నాను. "మరి సముద్రం పూడిపోదా?" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే నాకు సరైన జవాబు తెలియదు. తరువాత పుస్తకాలు వెదికి, చదివి తెలుసుకొన్నదే ఈ రోజు మీతో పంచుకొంటున్నాను.

మొదట ఆ వరద నీటిని ఒక గాజు సీసాలో పట్టి బడిలో బల్ల మీద పెట్టాం. ఇసుక నిమిషంలో అడుగుకు దిగింది. కొంత మట్టి సాయంత్రానికి దిగింది. కానీ నీళ్ళు మాత్రం తేటపడలేదు. మూడు రోజులైనా మసకగానే ఉన్నాయి. ఆ మసక దేనివల్ల? మన రేగడి నేలలోని బంకమట్టి వల్ల. ఆ బంకమట్టి రేణువు ఎంత చిన్నదంటే, మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాలంత, ఒక్కోసారి అంతకంటే చిన్నది కూడా. వాటి మీద ఒకే రకమైన విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకొంటూ తేలుతూనే ఉంటాయి.

మన పెద్దవాళ్ళు బురద నీళ్ళలో పటిక తిప్పేవారు, లేదా చిల్లగింజ అరగదీసి కలిపేవారు. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకొని, బరువెక్కి కిందికి దిగుతాయి. సముద్రం దగ్గర ఈ పని ఉప్పు చేస్తుంది. యానాం దగ్గర గౌతమి గోదావరి సముద్రపు ఉప్పు నీటిని కలుస్తుంది. అక్కడ ఈ రేణువులు గుంపులుగా కూడి దిగడం మొదలవుతుంది. మీరు ఇంట్లోనే చూడవచ్చు. వరద నీళ్ళు రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో చెంచాడు ఉప్పు కలిపి, మర్నాడు పొద్దున రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. డెల్టా ఎలా పుడుతుందో కొంతవరకు అక్కడే అర్థమవుతుంది.

అయితే మట్టి అంతా నది మొగలోనే ఆగిపోదు. కొంత ఇంకా లోతుకు పోతుంది. అక్కడ దానికి ఇంకో తోడు దొరుకుతుంది. ఆ తోడే వృక్ష ప్లవకాలు.

ప్లవకం అంటే తేలేది అని అర్థం. చెరువులో నీళ్ళు పచ్చగా మారడం మీరంతా చూసి ఉంటారు. ఆ పచ్చదనం సూక్ష్మమైన మొక్కలదే. సముద్రంలో కూడా అలాంటివే లక్షల కోట్లలో ఉంటాయి. వాటికి వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు. ఒక్కొక్కటి ఒకే కణం. అయినా మన జొన్న మొక్క చేసే పనే అవీ చేస్తాయి. ఎండను, బొగ్గుపులుసు వాయువును తీసుకొని ఆహారం తయారుచేసి, ప్రాణవాయువును విడిచిపెడతాయి. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోని ఈ చిన్న మొక్కల వల్లనే జరుగుతున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. వీటిలో డయాటమ్‌లు అనేవి తమ చుట్టూ గాజులాంటి సిలికా పెంకు కట్టుకొంటాయి. మరికొన్ని సున్నపు పెంకు కట్టుకొంటాయి. వీటిని చిన్న పురుగులు తింటాయి, ఆ పురుగులను చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. బరంపురం, గోపాలపూరు తీరంలో మన తెలుగు జాలరులు వల లాగితే పడే ప్రతి చేపకూ మొదటి ముద్ద పెట్టింది ఈ మొక్కలే.

మరి కంటికి కనిపించని వాటిని లెక్కపెట్టడం ఎలా? అందుకు తేలికైన పద్ధతులే ఉన్నాయి. 1865లో ఇటలీ దేశపు ఆంజెలో సెక్కి అనే శాస్త్రజ్ఞుడు ఒక తెల్లని పళ్ళాన్ని తాడు కట్టి సముద్రంలోకి దించి, అది ఎంత లోతులో కనుమరుగవుతుందో కొలిచాడు. నీళ్ళు తేటగా ఉంటే పళ్ళెం చాలా లోతు దాకా కనిపిస్తుంది. మట్టి గాని, ప్లవకాలు గాని ఎక్కువగా ఉంటే కొద్ది లోతులోనే మాయమవుతుంది. ఆ పళ్ళాన్ని సెక్కి పళ్ళెం అని ఇప్పటికీ వాడుతున్నారు. మన ఊరి చెరువులో స్టీలు పళ్ళెంతో కూడా ఈ పని చేయవచ్చు. పిల్లల్ని మాత్రం ఒంటరిగా పంపకండి.

ఇంకా వివరంగా తెలియాలంటే సముద్రపు నీటిని గాజు నారతో చేసిన వడపోత కాగితం గుండా వడపోస్తారు. కాగితాన్ని ముందు, తరువాత తూచి చూస్తే ఎంత మట్టి, ఎంత నలక ఉందో తెలుస్తుంది. అలా వడపోసిన మరో కాగితాన్ని అసిటోన్ ద్రవంలో నానబెడితే మొక్కల్లోని పత్రహరితం దిగుతుంది. దాని మీద నీలి కాంతి వేస్తే అది ఎర్రగా వెలుగుతుంది. ఆ వెలుగు ఎంత ఉందో కొలిచి, నీటిలో ఎన్ని మొక్కలు ఉన్నాయో అంచనా కడతారు.

ఇప్పుడు ఇదే పని ఆకాశం నుంచి కూడా జరుగుతున్నది. సముద్రపు రంగును చూడడానికి మన దేశం 1999లో ఓషన్‌శాట్ అనే ఉపగ్రహాన్ని పంపింది. 2009లో రెండోదాన్ని, 2022 నవంబరులో మూడోదాన్ని పంపారు. నీళ్ళ రంగులో పచ్చదనం ఎక్కడ ఎక్కువుందో, నీటి ఉష్ణోగ్రత ఎలా ఉందో కలిపి చూసి, చేపలు ఎక్కడ దొరకవచ్చో జాలరులకు తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో తెలియజేస్తారు. ఈ పని చేసే సంస్థ సముద్రం ఒడ్డున లేదు. మన హైదరాబాదులోనే ఉంది. భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం అని 1999లో ఏర్పడింది. సముద్రంతో సముద్రం లేని ఊరికి పని ఉందనడానికి ఇది ఒక ఉదాహరణ.

ఇక బంగాళాఖాతం సంగతి చూద్దాం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదులు ఒకే సముద్రంలో పడుతున్నాయి. మంచినీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు. అందుకని వానాకాలంలో మంచినీటి పొర పైన దుప్పటిలా పరుచుకొంటుంది. ప్లవకాలకు కావలసిన నత్రజని, భాస్వరం వంటి ఎరువు లోతు నీళ్ళలో ఉంటుంది. పైన దుప్పటి ఉంటే ఆ ఎరువు పైకి రాదు. పైగా నదుల బురద వల్ల తీరం దగ్గర ఎండ లోపలికి దిగదు, మబ్బు పట్టిన రోజులూ ఎక్కువే. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతంలో ఈ మొక్కల పంట తక్కువ. తుఫాను వచ్చి నీళ్ళను బాగా కలియదిప్పినప్పుడు మాత్రం ఒక్కసారిగా పెరుగుతుంది. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన పెను తుఫాను తరువాత సముద్రంలో పత్రహరితం పెరగడం శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. పైన పంట తక్కువైతే అడుగుకు చేరే సేంద్రియ పదార్థం కూడా చాలా తక్కువగా ఉండాలి కదా? కానీ బంగాళాఖాతంలో అనుకొన్నంత తక్కువ లేదు. ఎందుకు?

దీన్ని తెలుసుకోవడానికి 1987లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయంవారు కలిసి ఒక పని మొదలుపెట్టారు. పెద్ద గరాటుల్లాంటి పరికరాలను బంగాళాఖాతం ఉత్తర, మధ్య, దక్షిణ భాగాల్లో లోతు నీళ్ళలో వేలాడదీశారు. గరాటు కింద వరసగా సీసాలు ఉంటాయి. గడియారం లెక్కన ఒక్కో సీసా కొన్నాళ్ళ పాటు గరాటు కిందికి వచ్చి, పైనుంచి రాలేదాన్ని పట్టుకొని పక్కకు జరుగుతుంది. నెలల తరువాత ఓడలో వెళ్ళి వాటిని పైకి తీస్తారు. వానలో బక్కెట్టు పెట్టి ఏ రోజు ఎంత కురిసిందో కొలిచినట్టే, సముద్రంలో ఏ నెల ఎంత మడ్డి కురిసిందో ఇలా కొలుస్తారు.

ఆ సీసాల్లో చూస్తే ఏం కనబడింది? ఉత్తర భాగంలో నైరుతి వానల కాలంలో నదులు తెచ్చిన మట్టి పెరిగింది. దానితోబాటు సేంద్రియ పదార్థం కూడా ఎక్కువగా దిగింది. చనిపోయిన ప్లవకం ఒక్కటే అయితే చాలా మెల్లగా దిగుతుంది. దారిలోనే బాక్టీరియా దాన్ని తినేస్తుంది. కానీ ప్లవకాల జిగురు, పురుగుల మలం, మన బంకమట్టి అంటుకొని ముద్దగా అయితే, ఆ ముద్ద రోజుకు పదుల మీటర్ల నుంచి వంద మీటర్లకు పైగా దిగగలదు. గాలిపటానికి రాయి కట్టినట్టు, మట్టి దానికి బరువు అవుతుందన్నమాట. ఆ మొక్క గాలి నుంచి తీసుకొన్న బొగ్గుపులుసు వాయువులో కొంత భాగం ఇలా అడుగుకు చేరి, వేల ఏళ్ళు అక్కడే ఉండిపోతుంది. బాసర వంతెన కింద పారిన మట్టికి సముద్రంలో ఇంత పని ఉంది.

ఇక మూడోది, అడుగున పేరుకొన్న మడ్డి. సముద్రం పూడిపోదా అని మా పిల్లవాడు అడిగాడు కదా. పూడుతున్నది, కానీ సముద్రం మన ఊహకు మించి పెద్దది. హిమాలయాల నుంచి గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన మట్టి బంగాళాఖాతం అడుగున సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున విసనకర్రలా పరుచుకొని ఉంది. ఉత్తరపు కొసన దాని మందం 16 కిలోమీటర్లకు పైనే. ప్రపంచంలో అంత పెద్ద మట్టి మేట మరొకటి లేదు. ఆంధ్ర తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో లోయలు కూడా ఉన్నాయి. 1950లలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి సముద్ర విజ్ఞానం బోధించిన అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్, తరువాత 1960లలో ఆ లోయలను గుర్తించి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. నీళ్ళ కింద చీకట్లో మన పేర్లున్న లోయలు ఉన్నాయని ఎంతమందికి తెలుసు?

అడుగున మడ్డిని పైకి తీయడానికి పొడవాటి ఉక్కు గొట్టాన్ని దించుతారు. అది బరువుతో మడ్డిలోకి దిగి, పైకి వచ్చేటప్పుడు లోపలి మడ్డిని పొరలు చెదరకుండా తెస్తుంది. బియ్యం బస్తాలోకి బొరిగె గుచ్చి నమూనా తీసే మార్కెట్ యార్డు పద్ధతే ఇది. పైపొర కొత్తది, కింది పొర పాతది. పుస్తకాన్ని చివరి పేజీ నుంచి మొదటి పేజీకి చదివినట్టు చదవాలి.

2006లో మన దేశపు గ్యాస్ హైడ్రేట్ల అన్వేషణలో భాగంగా గోదావరి మొగకు ఎదురుగా, 1,200 మీటర్లకు పైగా లోతున్న చోట ఇలాంటి ఒక నమూనా తీశారు. అందులో పై ఎనిమిదిన్నర మీటర్ల మడ్డిలో గత 11 వేల ఏళ్ళ గోదావరి చరిత్ర ఉంది. 2012లోను, 2017లోను ఆ మడ్డి మీద పరిశోధన ఫలితాలు ప్రచురితమయ్యాయి. మనం జాగ్రత్తగా వినవలసింది ఇదే.

మడ్డిలో దొరికిన సూక్ష్మజీవుల సున్నపు పెంకులను బట్టి ఏ పొర ఎప్పటిదో లెక్కకట్టారు. ఆకుల మీది మైనం ఆ మడ్డిలో ఇప్పటికీ మిగిలి ఉంది. అడవి చెట్ల మైనం వేరు, ఎండకు తట్టుకొనే గడ్డిజాతి మొక్కల మైనం వేరు. నియోడిమియం అనే మూలకాన్ని బట్టి ఆ మట్టి దక్కను పీఠభూమి నల్లరాతి నుంచి వచ్చిందా, దిగువనున్న పాత రాళ్ళ నుంచి వచ్చిందా అని చెప్పవచ్చు. ఇవన్నీ కలిపి చూస్తే ఇలా తేలింది. సుమారు 4,000 ఏళ్ళ క్రితం ఒకసారి, 1,700 ఏళ్ళ క్రితం మరొకసారి గోదావరి పరీవాహక ప్రాంతం మరింత పొడిబారింది. వానలు తగ్గి చెట్లు పలచబడ్డాయి. అప్పటి నుంచి సముద్రానికి చేరే మట్టి తగ్గలేదు, పెరిగింది! అందులోనూ దక్కను మట్టి, అంటే మన రేగడి ప్రాంతపు మట్టి వాటా పెరిగింది.

వాన తగ్గితే కోత కూడా తగ్గాలి కదా అని మనకు అనిపిస్తుంది. కానీ నేలను పట్టి ఉంచేది చెట్టు, గడ్డి. అవి పలచబడితే కురిసిన కాస్త వానకే మట్టి కొట్టుకుపోతుంది. దానికి తోడు దక్కనులో వ్యవసాయం వ్యాపించింది, ఇనుప పనిముట్లు వచ్చాక ఇంకా విస్తరించింది. అందువల్ల కోత మరింత ఎక్కువైందని ఆ పరిశోధకులు తేల్చారు. నాగలి పట్టిన మన పూర్వీకుల చాలు సముద్రం అడుగున రాసి ఉందన్నమాట.

ఈ మాట చదివినప్పుడు నాకు మా చేను గుర్తుకు వచ్చింది. మా నాన్నగారి చిన్నతనంలో ఆ చేలో నాలుగడుగుల రేగడి ఉండేదట. ఇప్పుడు ఒర్రె వైపు దున్నితే నాగలికి మొరం తగులుతున్నది. ఆ మట్టి ఎవరో ఎత్తుకుపోలేదు. మేము గట్లు వేయక, ఉన్న గట్లను చాలు కలుపుకోవడానికి చెరిపి, వాన నీళ్ళ వెంట మేమే పంపించాం.

అయితే ఇప్పుడు ఆ మట్టి సముద్రం దాకా పోతున్నదా? అంతా పోవడం లేదు. బాసర దాటగానే పోచంపాడు జలాశయం ఉంది. 1963లో పునాదిరాయి వేసిన ఆ శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు మొదట 112 టీఎంసీల నీళ్ళు పట్టే లెక్క. 1994 సర్వేలో అది సుమారు 90కి, తరువాతి సర్వేలో సుమారు 80కి దిగింది. అంటే ముప్పై టీఎంసీల చోటు పూడిక ఆక్రమించింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మనం ఒక బ్రాస్ అనే వంద ఘనపుటడుగుల మట్టి ఒక ట్రాలీకి పడుతుందనుకొంటే, ముప్పై కోట్ల ట్రాలీల మట్టి అక్కడ ఉంది. పిల్లలతో ఈ లెక్క చేయిస్తే సున్నాలు తప్పుపడ్డాయేమోనని మూడుసార్లు చూసుకొన్నారు.

దిగువన దీని ఫలితం ఏమిటి? ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన లెక్కల ప్రకారం, గోదావరి సముద్రానికి చేర్చే మట్టి 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు ఉండగా, 1990లలో ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. నది కొత్త మట్టి వేయకపోతే అలలు ఉన్న మట్టిని కోసుకుపోతాయి. 1976 నుంచి 2001 వరకు గోదావరి డెల్టా తీరంలో నికరంగా 1,800 హెక్టార్లకు పైగా, అంటే సుమారు 4,500 ఎకరాల నేల సముద్రంలో కలిసింది. తీరాన్ని కాపాడే మడ అడవులు కూడా కొన్ని పోయాయి.

చూడండి ఎంత విచిత్రమో! ఎగువన మన చేలో మట్టి పోతున్నది. నడుమ జలాశయం నిండుతున్నది. దిగువన యానాం, కోనసీమ వైపు వాళ్ళకు మట్టి చాలక నేల కరుగుతున్నది. మట్టి ఉండవలసిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది. జలాశయాలు వద్దని నేను అనడం లేదు. ఆ నీళ్ళతోనే లక్షల ఎకరాలు పండుతున్నాయి. కానీ మట్టి కథను నీటి కథతో కలిపి ఆలోచించడం మనం నేర్చుకోలేదు.

మనం చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంది. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు నిలుపుకోవడం, గట్టు మీద గడ్డి, చెట్లు పెంచడం. ఇవి ఖర్చు లేని పనులు. చెరువుల్లో చేరిన పూడిక మట్టిని తిరిగి చేలకు తోలుకోవడం మరో పని. మన పెద్దలు ఎండాకాలంలో బండ్ల మీద చెరువు మట్టి తోలింది ఇందుకే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలోను, మహారాష్ట్రలో 2017లో మొదలైన 'గాళ్‌ముక్త్ ధరణ్, గాళ్‌యుక్త్ శివార్' పథకంలోను ఆలోచన అదే. మరాఠీలో గాళ్ అన్నా, తెలుగులో ఒండ్రు అన్నా, పూడిక అన్నా అది మన చేలో పోయిన సారమే. దాన్ని వెనక్కి తెచ్చుకొంటే ఎరువు ఖర్చు కొంత కలిసివస్తుంది.

మా పిల్లవాడికి చివరకు ఇలా జవాబు చెప్పాను. "నాయనా, సముద్రం పూడిపోదు, నీ భయం అక్కర్లేదు. మన చేను ఖాళీ అవుతుందేమో, దాని గురించి భయపడు." వాడు ఆ ఆదివారం వాళ్ళ నాన్నతో కలిసి చేనుగట్టుకు రెండు తట్టల మట్టి వేశానని సోమవారం వచ్చి చెప్పాడు. అంత పెద్ద జలాశయం ముందు రెండు తట్టలు ఎంత అని మీరు అనవచ్చు. సముద్రం అడుగున ఉన్న ఎనిమిదిన్నర మీటర్ల మడ్డి కూడా కంటికి కనిపించని రేణువులు ఒక్కొక్కటిగా దిగి పేరుకొన్నదే కదా.

ఈసారి వరద వచ్చినప్పుడు నది రంగును ఒక్క నిమిషం చూడండి. అందులో ఎవరి చేను ఎంత ఉందో ఆలోచించండి. వీలైతే రెండు గ్లాసుల ప్రయోగం పిల్లలతో చేయించండి.